ఈత సంగతి రాయని కార్డు

పోయిన ఆదివారం మా తెల్లాపూర్ అపార్ట్‌మెంటులో కింది అంతస్తు అమ్మాయి నా ఫోనులో ఒక యాప్ ఎక్కించి, వచ్చే వారం నుంచి క్లబ్‌హౌసులో అందరం కూర్చుని ఆడబోయే కథల ఆటకు నా పాత్ర వివరాలు నింపమని చెప్పి వెళ్లింది. పేరు రాశాను, చేసే పని పడవ నడపడం అని రాశాను, ఆ తర్వాత ఈత వచ్చా రాదా అని అడిగే గడి దగ్గర వేలు ఆగిపోయింది. రెండింటిలో ఒకటి నొక్కితే తప్ప అది ముందుకు పోదు. ఇదే ప్రశ్న చాలా ఏళ్ల కిందట, నా మొదటి ఉద్యోగపు రోజుల్లో నన్ను ఒకరు అడిగారు.

నాలాగే హైటెక్ సిటీలో మొదటి ఉద్యోగంలో చేరి హాస్టల్ గదుల్లో సర్దుకున్నవాళ్లకు శనివారం సాయంత్రాలు ఎంత పొడవుగా ఉండేవో చెప్పనక్కర్లేదు. నేను డైరీ రాసుకునేదాన్ని, పుస్తకం చదువుకునేదాన్ని, ఎవరైనా పలకరిస్తే నవ్వి ఊరుకునేదాన్ని. అది చూడలేక నా గదిలో ఉండే కాకినాడ అక్క ఒక శనివారం నన్ను ఖాజాగూడలో మా టీమ్ అన్న కిరాయికి ఉండే ఇంటికి లాక్కుపోయింది. అన్న వాళ్లది నల్లగొండ వైపు; ఆఫీసులో ఆయన కంటే పెద్దవాళ్లు కూడా ఆయన్ను అలాగే పిలిచేవారు. ఆయన కథ చెబుతుంటే మిగిలినవాళ్లు తలా ఒక పాత్రలోకి దూరి, పాచికలు వేసి, పడ్డ అంకెను బట్టి గోడ దూకడమో కింద పడడమో తేల్చుకునేవారు; ఒకే కథ వారాల తరబడి సాగేది. నన్నూ ఒక పాత్ర తీసుకుని మాట్లాడమంటే, ఊరికే చూస్తానన్నాను.

"మాట్లాడకుంటె ఏం కాదు చెల్లె. కథల మస్తు మంది అయిండ్రు, ఎవడు ఎవడో నాకే యాదికుంటలేదు. జర రాసి పెట్టు," అన్నాడు అన్న.

అలా నేను కార్డులు చేసే మనిషినయ్యాను. ఆ ఇంటి సజ్జ మీద ఓనరు పంచగా మిగిలిన శుభలేఖల కట్ట ఒకటి ఉండేది. వాటిని అరచేతి సైజుకు కత్తిరించి, ఖాళీ వైపున అన్న కథలో వచ్చిన పాత్ర పేరు, వేషం, అలవాటు, భయం రాసేదాన్ని. అన్న కార్డు ఎత్తి చూసుకుంటుంటే ఎదుటివాళ్లకు వెనకవైపు బంగారు రంగు వినాయకుడి చెవో, సగం సన్నాయో కనిపించేది. "సన్నాయి లేచిందండోయ్, కోట కాపలావాడొస్తున్నాడు, కత్తులు దాచుకోండి," అనేది అక్క.

ఒక వారం, ఎందుకో ఇప్పటికీ తెలియదు, ఎవరూ అడగని కార్డు ఒకటి ఆ గుట్టలో కలిపాను. పడవ నడిపే ఆమె. ఏది అడిగినా దారిలో చెప్పదు, అవతలి ఒడ్డు చేరాకే చెబుతుంది. కట్ట అయిపోవడంతో దాన్ని నాకు పోస్టులో వచ్చిన మా పెద్దమ్మ కూతురి శుభలేఖలోంచి కత్తిరించాను. పంచకుండా మిగిలినవాటికి ఉండని పసుపు బొట్టు దీని మూలకు ఉంది. ఆట మధ్యలో అన్న చేతికి అది తగిలింది. వెనక్కి తిప్పి చూశాడు, ముందుకు తిప్పి చదివాడు, తానే కల్పించినట్టు ఆమెను రేవులోకి తెచ్చేశాడు. ఆ తర్వాత ఆమె జవాబుల కోసమే మావాళ్లు కథలో పని లేకున్నా ఏరు దాటేవారు. గోడకు ఆనుకుని వినే నాకు, వాళ్లు మెచ్చుకునేది ఎవరినో, నేను సంతోషించవచ్చో లేదో అర్థమయ్యేది కాదు. ఆమె నా మనిషేనని చెప్పాలని ప్రతి శనివారం అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం కథలో పడవ మునిగింది. ఆమెనో, ఎన్నో వారాలు వెతికి సంపాదించిన కోట తాళాల మూటనో, ఒక్కదాన్నే కాపాడగలరు.

"తాళాలు వదిలితె ఇన్నొద్దులు ఆడింది దండుగ," అన్నాడు టెస్టింగ్ టీమ్ తమ్ముడు.

"ఆవిడ లేకపోతే ఆ తాళాలతో ఏట్లో ఏం చేస్తావు, చేపలకు ఇల్లు తీసిస్తావా?" అంది అక్క.

అన్న ఆ కార్డు నా ముందు పెట్టాడు. "చెల్లె, నువ్వు చెప్పు. ఈమెకు ఈతొస్తదా?"

అందరూ నా వైపు తిరిగారు. ఆమెకు నేను ఈత సంగతి రాయలేదు. ఆమె నా మనిషేనని చెప్పుకోవడానికి అంతకంటే మంచి సందు దొరకదని తెలిసీ, కార్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"సరె, ఒడ్డుకు పోయినంక చెప్తది. ఇగ వచ్చే వారం ఆడుదాం," అని అన్న పాచికలు డబ్బాలో వేశాడు.

ఆ వారమే మా ప్రాజెక్టు మూసేశారు. అన్న పుణెకు, అక్క బెంగళూరుకు వెళ్లిపోయారు. కార్డు నా దగ్గరే ఉండిపోయింది, ఆయన తిరిగి అడగలేదు. కార్డులు రాసేది నేను గనక నన్ను అడిగాడా, పసుపు బొట్టు చూసిన రోజే ఆమె నా కల్పనేనని గ్రహించి నాకు చోటిచ్చాడా, ఎంత ఆలోచించినా తేలదు.

ఈ యాప్‌లో ప్రతి పాత్ర కింద దాన్ని తయారుచేసినవాళ్ల పేరు దానంతటదే పడుతుంది. ఇది అప్పుడుంటే నేను నోరు తెరవకుండానే విషయం బయటపడేది. అయితే అలా బయటపడుతుందని తెలిస్తే ఆమెను గుట్టలో కలిపేదాన్నే కాదు. ఏది నయమో నాకు తెలియడం లేదు. ఆ ఆదివారం సాయంత్రం కింది అంతస్తు అమ్మాయి మళ్లీ వచ్చి ఇంకా నింపలేదేమని అడిగితే, డైరీలో దాచిన కార్డు తీసి చేతికిచ్చి, "ఈమెను నేనే రాశాను," అన్నాను. ఇన్నేళ్లకు ఆ మాట పైకి వచ్చింది, వినవలసినవాళ్లు తలా ఒక ఊళ్లో ఉండగా.

ఆ అమ్మాయి కార్డును వెనక్కి తిప్పి పసుపు బొట్టు చూసి, "ఎవరి పెళ్లి అక్కా?" అంది.