త్యాగమంటే గిట్టని మనిషి

మా తెలుగు టీచరుగారు పోయారని నాకు నారాయణగూడ బస్‌స్టాపులో తెలిసింది. బడిలో నాతో చదివిన అమ్మాయి రోడ్డు దాటి వచ్చి, అశోక్‌నగర్‌లో తమ్ముడి ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగుతూ ఒరిగిపోయారని చెప్పింది. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది. ముందు భయం వేసింది, ఇక ఆవిడ గురించి అందరూ మాట్లాడతారని.

మాట్లాడారు. మొన్న సంతాపసభలో ఒక్కొక్కరే లేచి ఆవిడని త్యాగమూర్తి అన్నారు. మాకు చదువు చెప్పడం కోసమే పెళ్లి మానుకున్నారట. కొవ్వొత్తిలా కరిగిపోయారట. నా పక్కనున్నావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. పెళ్లి సంగతి నేనొకసారి టీచరుగారినే అడిగాను. "చేసుకోవాలనిపించలేదే, అంతే. దానికో కథ అల్లకు" అన్నారు.

ఆవిడకి రోత తొందరగా పుట్టేది. వారపత్రికలో సీరియల్ చదివి చేతులు కడుక్కునే మనిషిని ఇంకెక్కడా చూడలేదు. వేళాకోళానికి కాదు. నిజంగానే లేచి వెళ్లి, సబ్బు రుద్దుకుని, తుడుచుకుని వచ్చి కూర్చునేవారు. కథానాయిక క్షయతో దగ్గుతూ మొగుణ్ణి క్షమించే పేజీ వస్తే, చచ్చిన బల్లిని తోక పట్టుకుని ఎత్తినట్టు కొసలు పట్టుకుని తిప్పేవారు.

మా నాన్న చిక్కడపల్లిలో దర్జీ. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. అందుకే నవల రాయాలనుకున్నప్పుడు చాలా గొప్ప విషయం మీద రాయాలనుకున్నాను. స్త్రీల కష్టాల మీద రాస్తున్నానని గర్వంగా చెప్పాను. ఆవిడ మొహం పుల్లమజ్జిగ తాగినట్టు అయింది.

"కష్టాలు కథ కాదే అమ్మాయ్. ఏ స్త్రీ? ఆవిడకి ఏం కావాలి? అది దక్కనివ్వనిది ఎవరు? దక్కకపోతే ఆవిడకి పోయేదేమిటి? ఇవి చెప్పలేకపోతే నువ్వు రాసేది నవల కాదు, శోకండాలు."

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వాళ్ల వరండాలో కూర్చున్నానో. ప్రతిసారీ కథని ఒకటి రెండు మాటల్లో చెప్పమనేవారు. ఒక అభాగ్యురాలు అని మొదలుపెడితే, అభాగ్యురాలో కాదో చదివేవాళ్లు అనుకోవాలి, నువ్వు కాదు అనేవారు. మంచి కోడలు, గయ్యాళి అత్త అని ఇంకోటి తీసుకెళ్లాను. అత్తకి ఏం కావాలో ఆవిడని అడిగావా అన్నారు. అత్త కూడా న్యాయమే మాట్లాడాలట. లేకపోతే ఆ ఇంట్లో గొడవే లేదట.

అదే ఏడు ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు. బళ్లు, కాలేజీలు మూసేశారు. ఆంధ్రోళ్ల ఇంటికి ఏం పనిమీద పోతున్నవని మా గల్లీలో నన్ను నిలదీశారు. అక్కడ టీచరుగారి మరదలు, ఈ రోజుల్లో ఆ పిల్లని గుమ్మం ఎక్కనివ్వడమేమిటని, లోపలి నుంచి నాకు వినపడేలాగే అనేది. టీచరుగారికి రెండూ అసహ్యమే. "రెండువైపులా ఒకటే కథ చెబుతున్నారు. దుర్మార్గుడి పేరొక్కటి మారుస్తున్నారు" అని, ఈ వారం ఏం రాశావని నా కాగితాల కోసం చెయ్యి చాపారు.

ఆరోజు నా దగ్గర కొత్త కథ ఉంది. అక్క చచ్చిపోయింది, ఇద్దరు పసిపిల్లలు. చెల్లెలికి ఆ పిల్లలు కావాలి, బావ వద్దు. పెద్దవాళ్లేమో బావని చేసుకుంటేనే పిల్లలు, లేకపోతే పిల్లల మొహం కూడా చూడొద్దంటారు. ఇంతే చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"బావ ఎలాంటివాడు?"

తాగుబోతని చెప్పాను.

"తాగించకు. మంచివాణ్ణి చెయ్యి. తాగుబోతుని ఎవరైనా కాదంటారు. మంచివాణ్ణి కాదని, అయినా పిల్లలు కావాలనడానికి ఎంత గుండె ఉండాలే దానికి."

నా నవల అక్కణ్ణించి మొదలైంది. పూర్తయ్యాక ఆవిడ మొత్తం చదివారు. చేతులు కడుక్కోలేదు. కోఠిలో తనకు తెలిసిన ప్రచురణకర్తకి తనే తీసుకెళ్లి ఇచ్చివచ్చారు.

సభలో కొవ్వొత్తి అన్నది ఆయనే. అంతా అయ్యాక చెప్పుల దగ్గర నన్ను ఆపారు. మీసం మీద బిస్కెట్ పొడి ఉంది. నవల బాగుందన్నారు. వెంటనే వేస్తానన్నారు. ఒక్క మార్పు చెయ్యమన్నారు.

"చివర్లో పిల్లల కోసం ఆ అమ్మాయి బావని చేసుకోవాలమ్మా. ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు. టీచరుగారికి అంకితం ఇద్దాం. ఆవిడా త్యాగమూర్తే కదా."

మా ఇంటిపేరు ఇంతవరకు పెళ్లిపత్రికల మీద తప్ప ఎక్కడా అచ్చుకాలేదు. పుస్తకం అట్ట మీద చూసుకోవాలని నాకు ఎంత ఆశో చెప్పలేను. ఆయన కాదంటే నాకు తెలిసిన ఇంకో ప్రచురణకర్త లేడు. అయినా ఆ పొడి మీసం కిందనుంచి ఆ మాట వింటుంటే లేచివెళ్లి చేతులు కడుక్కోవాలనిపించింది. పోయిన మనిషినీ, నేను పుట్టించిన మనిషినీ ఒకే గోతిలో పూడుస్తున్నారు.

"ఆమె చేసుకోదండీ" అన్నాను. మర్నాడు కోఠికి వెళ్లి నా కాగితాలు తెచ్చుకున్నాను.

మా టీచరుగారు ఏ త్యాగమూ చెయ్యలేదు. తనకి ఇష్టమైనట్టు బతికారు. దర్జీ కూతురి కాగితాలు చదవడం ఆవిడకి ఇష్టం, చదివారు. నాకు ఆవిడ ఇచ్చింది ఆ ఇష్టమే. సభలో ఎవరూ అనలేదు కనక ఇక్కడ రాస్తున్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న కుట్టిన చొక్కాలకి అమ్మ కాజాలు కుడుతోంది. కట్ట చూసి, వాపస్ ఇచ్చిండ్రా అంది. నేనే తెచ్చుకున్న అన్నాను. గంత పెద్దగ ఏం రాసినవే అని అడిగితే, చెల్లెలి సంగతి చెప్పాను. అమ్మకి కోపం వచ్చింది.

"బావ మంచోడే అంటివి. చేసుకుంటే ఏమైతది? పిల్లలకు తల్లి దొరుకుతది గద."

"ఆమెకు ఇష్టం లేదమ్మా."

"ఇష్టమట, ఇష్టం" అని మళ్లీ చొక్కా మీదికి వంగింది. నేను స్టవ్ వెలిగించి చాయకి నీళ్లు పెట్టాను. నీళ్లు మరుగుతుండగా వెనకనుంచి అమ్మ గొంతు.

"మరి పిల్లలను ఇచ్చిండ్రానే?"

తిరిగి చూశాను. సూది సగం కాజాలో ఉంది, దారం లాగకుండా వదిలేసింది. అమ్మ నా మొహంలోకే చూస్తోంది.