దెబ్బకు దరువేసిన కాక

శుక్రవారం పొద్దున కర్జకాన్‌లోని కూలీల క్యాంపు నుంచి మేస్త్రి ఫోన్ చేసి, "మేడమ్, కాక లేస్తలేడు" అన్నాడు. మళ్ళీ తనే, "ఇగ లేవడు" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తరవాత డాక్టరు చెప్పాడు. జీవితమంతా దెబ్బలు తిన్న మనిషి చివరికి ఎవరూ చెయ్యి చేసుకోకుండానే వెళ్ళిపోయాడు. అదొక్కటే మాకు ఊరట.

ఆయన మాకు చుట్టం కాదు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి ఆ క్యాంపులో వంట చేసేవాడు. అందరికీ కాకే, మాకూ కాకే. మాది కాకినాడ. నేనూ మా ఆయనా ఈ గల్ఫ్ దేశంలో ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్నాం. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా ఫ్లాటులోని ఒక గది గోడలకు దుప్పట్లు కట్టి, స్నేహితులతో కలిసి వారానికొకసారి తెలుగు రేడియో నడిపేవాళ్ళం. ఫోన్లలో వినే రేడియో. పాత రోజుల్లో వచ్చే హాస్య నాటికల్లాంటివి, పాటలున్నవి, ఎవరైనా తయారుచేసి పంపమని ఒకసారి శ్రోతలను అడిగాం. కాక తన గొంతు రికార్డు చేసి పంపాడు. జనం రాక మూతపడబోతున్న ఒక సర్కస్, దాని ఓనరు, ఓనరు పెళ్ళాం, ఒక బక్క ఏనుగు, అందరి మీదా పాట కట్టే జోకరు. అన్ని గొంతులూ ఆయనవే. వెనక గిన్నె మీద గరిటెతో దరువు. విని పడీపడీ నవ్వి, వచ్చే శుక్రవారం రమ్మని కబురు పెట్టాం.

వచ్చిన కొన్ని వారాలకు తెలిసింది, అది ఊహించి చెప్పిన కథ కాదని. ఆయన చిన్నతనంలో ఇంట్లోంచి పారిపోయి నిజంగానే సర్కస్‌లో చేరాడు. జోకరు వేషం. ఓనరు చేతిలో ఎప్పుడూ తోలు కొరడా ఉండేదట. డేరా సగం ఖాళీగా ఉన్న రోజున ఆ కోపమంతా మనుషుల వీపుల మీద తీర్చుకునేవాడట. "పులిని కొడితే పులి మీదికొస్తది బిడ్డా. మేం రాం గద, అందుకే మమ్ముల కొడుతుండె" అన్నాడు. ఒకనాడు ఆట నడుస్తుండగానే ఓనరు బరిలోకి వచ్చి కాకను ఎడమ చెవి మీద కొట్టాడు. చెవిలోంచి రక్తం కారి మెడ మీది రంగులో కలిసిపోయింది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చెవి మళ్ళీ వినలేదు.

"మరి దాన్ని ఇంత నవ్వులాటగా ఎలా చెప్పగలుగుతున్నారు కాకా?" అని అడిగాను.

"భయపడుకుంట జెప్తే వానికి బలం. నవ్వుకుంట జెప్తే నాకు బలం" అన్నాడు.

వారానికో భాగంగా నడిచిన ఆ నాటికలో మా ఆయన ఓనరు, నేను ఓనరు పెళ్ళాం. జోకరూ చప్పుళ్ళూ కాకవి. తడి తువాలును మడిచి బల్ల మీద కొడితే చెంపదెబ్బ. కీరకాయను మైకు దగ్గర విరిస్తే ఎముక. బియ్యం బస్తాను నేల మీద పడేస్తే ఏనుగు. తువాలు కొట్టిన ప్రతిసారీ ఆయన ఎడమ భుజం చెవి దాకా లేచేది. తనే కొట్టి తనే బెదిరేవాడు. మొదట్లో అది చూసి మాకు నవ్వొచ్చేది. సంగతి తెలిశాక ఆ చప్పుడు అవసరమైనప్పుడు నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని.

ఆ క్యాంపు ఫోర్‌మన్ కూడా మన భాషవాడే. సైటుకు ఆలస్యంగా వచ్చినవాణ్ణి హెల్మెట్ తీసి దానితోనే మొహం మీద కొట్టేవాడు. ఎదురు చెబితే కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, మాట్లాడి ఊరికి పంపిస్తానని బెదిరించేవాడు. ఒకనాడు మేస్త్రిని ఇనుప చువ్వతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు. ఆసుపత్రిలో మాత్రం మెట్ల మీంచి పడ్డానని మేస్త్రి చేతే చెప్పించాడు. కట్టు విప్పేదాకా మేస్త్రికి కాకే అన్నం కలిపి తినిపించాడు.

ఇదంతా అప్పటికి మాకు తెలియదు. ఆ వారం నాటికలో ఓనరు ఏనుగు కాలు విరగ్గొట్టి, అది మెట్ల మీంచి పడిందని డాక్టరుతో అంటాడు. జోకరు పాట ఎత్తుకుంటాడు:

"మెట్లేడున్నయి మామా, డేరాల మెట్లేడున్నయి?"

మేము కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. క్యాంపు వాళ్ళకు మాత్రం అర్థమైంది. మర్నాడు సైటుకు వెళ్ళే బస్సులో ఒకరు కూనిరాగం తీస్తే, బస్సంతా అందుకుందట.

ఆ మధ్యాహ్నం మెస్సులో జరిగింది మేస్త్రి చెప్పగా విన్నాను. అందరూ అన్నాలు తింటుండగా ఫోర్‌మన్ లోపలికి వచ్చి, "సర్కస్ ఓనరెవడ్రా?" అని అడిగాడు.

పప్పు వడ్డిస్తున్న కాక, "రేడియోల ఉన్నడు సార్" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోర్‌మన్ ఆ గరిటె లాక్కుని కాకను మూతి మీద కొట్టాడు. ముందు పళ్ళు ఊడి పప్పులో పడ్డాయి. రెండో దెబ్బ కుడి చెవి మీద పడింది, వినిపించే చెవి మీద. కింద పడ్డాక బూటు కాలితో డొక్కలో తన్నాడు. తంతూ, "పాడరా, ఇప్పుడు పాడు" అన్నాడు.

అప్పుడు లేచారు జనం. ఇన్నాళ్ళు తిన్న దెబ్బలన్నీ ఒక్కసారి తిరిగి ఇచ్చేశారు. బల్లలు తిరగబడ్డాయి. ఎవడో పెనంతో కొట్టాడు, ఎవడో ఇటుక తెచ్చాడు. ఫోర్‌మన్ ముక్కు చితికింది. పడిపోయినవాణ్ణి చుట్టూ చేరి కాళ్ళతో కుమ్మారు. మేస్త్రి బాగున్న చేత్తో ఉల్లిగడ్డలు కోసే కత్తి అందుకున్నాడు. "సంపాలనే వొయిన మేడమ్. అబద్ధమెందుకు" అన్నాడు నాతో.

కాక నేల మీద పాక్కుంటూ ఆ కాళ్ళ మధ్యలోకి వెళ్ళి ఫోర్‌మన్ మీద బోర్లా పడుకున్నాడు. ఆగని దెబ్బలు కొన్ని ఆయన వీపు మీద పడ్డాయి. "ఆగుండ్రి" అన్నాడు, పళ్ళు లేని నోటితో. "ఒక్కడు సస్తే అందరు జైలుకు పోతరు. ఆగుండ్రి. నవ్వినం గద, గది సాలు." మేస్త్రి కత్తి పడేశాడు.

పోలీసులు వచ్చాక, ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో దాచకుండా ఒక్కొక్కరే చెప్పారు. మేస్త్రి చువ్వ దెబ్బ సంగతీ చెప్పాడు. ఫోర్‌మన్ బతికాడు. మళ్ళీ ఆ క్యాంపుకు రాలేదు. కొత్తగా వచ్చినాయన ఎవరి మీదా చెయ్యి ఎత్తడని విన్నాను.

ఆసుపత్రిలో కాక మొహం గుర్తుపట్టలేకపోయాను. కుడి చెవి దగ్గర నోరు పెట్టి, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అరిస్తే కొంచెం వినిపించేది.

"వాణ్ణి మీరెందుకు కాపాడారు కాకా? మీ ప్రాణం పోయేది కదా" అన్నాను.

పైకప్పు కేసి చూస్తూ చెప్పాడు.

"మా ఓనర్ను గూడ గిట్లనే కొట్టిర్రు బిడ్డా. సర్కస్ మూసిన దినం. మావోల్లే, డేరా గుంజలు పీకి కొట్టిర్రు. వాడు నన్ను సూసి చెయ్యి సాపిండు. నేను కొట్టలే, కొట్టుమనలే. నిలవడి నవ్విన. నేను నవ్వుతుంటెనే వాని పానం వొయింది."

నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎవరి దగ్గరా అనని మాట నాతో అన్నాడని తెలుస్తూనే ఉంది. ఇప్పుడు ఇక్కడ రాయడం తగునా అని చాలా ఆలోచించాను. ఆయన మంచివాడని మాత్రమే రాస్తే ఆ మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలియదు.

కోలుకున్నాక నాటిక ముగించాలని ఆయనే పట్టుబట్టాడు. మా మాటలు వినపడవు కాబట్టి, చప్పుడు చెయ్యాల్సినచోట నేను ఆయన మోచేతి మీద తట్టేదాన్ని. చివరి భాగంలో డేరా కూలుతుంది. ఓనరు కొరడా పారేసి, వంటపాత్ర నెత్తిన పెట్టుకుని, అందరికీ అన్నం వడ్డిస్తాడు. ఏనుగుకు రెండోసారి కూడా పెడతాడు. ముగింపు పాటలో కాక శ్రుతి తప్పాడు, తాళం మాత్రం తప్పలేదు. మేము దాన్ని సరిచేయలేదు, అలాగే వదిలాం.

మొన్న ఆయన్ని ఊరికి పంపేటప్పుడు మేస్త్రి శవపెట్టె పక్కనే నిలబడ్డాడు. నాకు మాత్రం గలాలీ సముద్రతీరం గుర్తొచ్చింది. ఆ నాటిక అయిపోయాక ఒక సాయంత్రం కాకను అక్కడి స్నేహితుల ఇంటికి తీసుకెళ్ళాం. చెవులు పోయిన దగ్గర్నుంచి ఆయన నడకలో తూలేవాడు. సముద్రం ఒడ్డున మోకాలెత్తు గోడ ఉంది. స్నేహితుల పిల్లలు సర్కస్ చూపించమన్నారు. వద్దన్నా వినకుండా లుంగీ ఎగ్గట్టి గోడెక్కాడు. చేతులు చాచి నడిచాడు. నీళ్ళవైపు ఒరిగాడు, ఇటు ఒరిగాడు. పిల్లలు నవ్వారు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన పని ఆపి చూశాడు. తూలుతున్నాడో తూలినట్టు చేస్తున్నాడో మాకెవరికీ తెలియలేదు. ఎండ వాలిపోతోంది. కాక మా వైపు చూడలేదు. ఒక కాలు గాలిలోకి ఎత్తి, ఎక్కడ పెట్టాలా అన్నట్టు, అలాగే నిలబడ్డాడు.