గంగాదేవిది కాని వస్తువు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా నన్ను నేను గొప్ప చేసుకోవడమే. నిజానికి దాని మీద నిలబడి మంచి పేరు తెచ్చుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అప్పుడు పదో తరగతికి క్లాస్ టీచర్ని. నా కూతురు ఆ తరగతిలోనే ఉండేది. గంగాదేవి కూడా. ఆ పిల్ల తండ్రి నాగరాజు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. బిడ్డ బాగా చదువుతోందని తన చెల్లెలి ఇంట్లో ఉంచి మా స్కూల్లో చేర్పించాడు.

ఒక మధ్యాహ్నం ఆయమ్మ ఒక వస్తువు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆడపిల్లల బాత్రూంలో, నీళ్లు రాక ఏనాడో పాడుబడ్డ ఫ్లష్ ట్యాంకులో దొరికిందట. వేలెడంత పొడవు, ఆకుపచ్చ రంగు. మూతి దగ్గర మామిడిపండు వాసన. ఒక పక్క గులాబీ రంగు నెయిల్ పాలిష్ మరక.

"నేను పోయేతప్పటికి గంగాదేవే బయటికి వస్తాండె మేడమ్" అంది ఆయమ్మ.

అది వేప్. పొగకు బదులు ఆవిరి పీల్చే సిగరెట్టు. చూడగానే గుర్తుపట్టాను. ఎందుకంటే నెల ముందే చూశాను, మా ఇంట్లో, నా కూతురి పుస్తకాల పక్కన, ఛార్జింగ్ పెట్టి ఉండగా. అదే మరక. ఏమిటే అంటే పెన్‌డ్రైవ్ అంది. పెన్‌డ్రైవ్‌కి ఛార్జింగ్ ఎందుకని నేను అడగలేదు. గదిలో ఆ తియ్యటి వాసన, మెట్లెక్కితే దగ్గు, సీసాలకొద్దీ తాగే నీళ్లు, ఊరికే విసుక్కోవడం, అన్నీ చూస్తూనే పరీక్షల ఒత్తిడి అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకుంటే హాయిగా ఉంటుందని అనుకున్నానా?

మర్నాడు నాగరాజును పిలిపించారు. మగ్గం మీద చీర సగంలో వదిలేసి మొదటి బస్సుకే వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో ఆయన, గంగాదేవి, ప్రిన్సిపాల్, నేను. ఆయన ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది మేడమ్ ఇది? నా కండ్లకు పెన్ను మాదిరి ఉండాది."

వివరించాను. లోపల ద్రవం ఉంటుందని, అందులో నికోటిన్ ఉంటుందని, వాసన తియ్యగా ఉంటుంది గనక పెద్దవాళ్లు పసిగట్టలేరని, అలవాటు పడితే పిల్లలు తమంతట తాము మానలేరని, పాఠం చెప్పినట్టు ఎంతో ఓపిగ్గా చెప్పాను. ఎవరిదన్నది ఒక్కటే చెప్పలేదు.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీదేనా పాపా?"

"కాదు నాయనా."

ఆయన ముఖం తేటపడింది. అంత త్వరగా నమ్మేశాడు. "నా బిడ్డ కాదంటాండాది మేడమ్. అది నాతో ఎబ్బుడూ అబద్ధం చెప్పలేదు. మీరేమంటారు?"

నన్నే అడిగాడు. ప్రిన్సిపాల్‌ని కాదు, నన్ను. అప్పటికీ నేను ఊరికే ఉండిపోయినా సరిపోయేది. పిరికిదాన్నని అనుకుని బతికేదాన్ని. కానీ మాట్లాడాను.

"ఈ వయసు పిల్లలు తల్లిదండ్రులకు నిజం చెప్పరండీ" అన్నాను.

ఆయన లేచి ఆ పిల్లను చెంప మీద కొట్టాడు. కొట్టిన చేతిని చూసుకుంటూ నిలబడిపోయాడు. గంగాదేవి ఏడవలేదు. తండ్రి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

ఆ వారమే టీసీ తీసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి నేనేం చేశానో తెలుసా? నా కూతురికి బజ్జీలు వేసిచ్చాను. ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. వస్తే నేనేదైనా చేయాలి. ఏడాదిపాటు అలాగే అడగకుండా గడిపాను. అది ఇంకొక వేప్ తెచ్చుకుంది. ఇంటర్‌లో ఒక గంట క్లాసులో కూర్చోలేక చేతులు వణికే దాకా వచ్చాక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ, డాక్టర్ ముందే, నా కూతురు చెప్పింది. ఆ వేప్ తనదని గంగాదేవికి తెలుసట. నా ఎదుట నా కూతురి పేరు చెప్పలేక ఊరుకుందట. మీ అమ్మే చెబుతుందిలే అనుకున్నానని తర్వాత నా కూతురితో అందట.

ఇంకోటి కూడా చెప్పింది. ధర్మవరంలో ప్రభుత్వ బడిలో చేరాక, గంగాదేవి రోజూ ఇంటికి రాగానే నాగరాజు సంచి దులిపేవాడట. నోరు తెరవమని వాసన చూసేవాడట. ఒకప్పుడు కూతురి ఒక్క మాటకే ముఖం తేటపడ్డ మనిషి. ఆయన్ని అలా తయారు చేసింది నేను.

ఇంతకన్నా రోత ఏమిటంటే, డాక్టర్ నాకు చెప్పిన మాటలనే నేను ఉపన్యాసంగా మార్చుకున్నాను. ఇప్పుడు పుట్టపర్తి నుంచి బెళుగుప్ప దాకా ఏ స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టినా నన్నే పిలుస్తారు. కొట్టకండి, అరవకండి, ముందు అడగండి, చెప్పింది వినండి అంటాను. పోయిన నెల ఒక తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు చెప్పినట్లే అడిగితి మేడమ్, నా బిడ్డ అంతా చెప్పేసింది" అని ఏడ్చింది. నవ్వుతూ నిలబడ్డాను. తర్వాత ఆ స్కూలు బాత్రూంలోకి వెళ్లి వాంతి చేసుకున్నాను.

నా కూతురు చాలావరకు మానేసింది. నాతో మాట్లాడటం కూడా చాలావరకు మానేసింది. గంగాదేవి ఇప్పుడేం చేస్తోందో నాకు తెలియదు. తెలుసుకోవడం కష్టమా? గంట ప్రయాణం. వెళ్లలేదు. క్షమించమని అడగడానికి కూడా ఆ తండ్రీకూతుళ్ల ముఖం చూడాలి కదా.

ఇదంతా రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఆ కాస్త సుఖం కూడా నాకు దక్కకూడదనిపిస్తోంది. అయినా ఆ గదిలో చెప్పాల్సింది ఇక్కడైనా చెబుతాను.

అది నా కూతురిది, నాగరాజుగారూ. నాకు అప్పుడే తెలుసు.