పన్నెండో ఆటగాడు

కూర్చున్న చోటు నుంచి కదలకుండా "అమ్మా, మంచినీళ్లు!" అని కేకేసే మా పెదనాన్న కొడుకు, క్రికెట్ జట్టులో చేరిన మొదటి ఏడంతా పన్నెండో ఆటగాడిగా నీళ్లసీసాలే మోశాడు. మేం మాత్రం పెద్ద ఆటగాడయ్యాడని ఊరంతా చెప్పుకున్నాం.

రెండో ఏడు ఒకడి కాలు బెణికి, అన్నయ్యకు బ్యాటు దక్కింది. నిలదొక్కుకుని నాలుగు ఫోర్లు కొట్టేసరికి అంపైర్ డ్రింక్స్ విరామం ఇచ్చాడు. అంతే! అలవాట్లో పొరపాటుగా బ్యాటు పడేసి, బౌండరీ దాకా పరుగెత్తి, సీసాల బుట్ట తనే మోసుకొచ్చి అందరికీ పంచాడు. మైదానమంతా గొల్లున నవ్వింది. టీవీ ముందు పెద్దమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "అమ్మా, మంచినీళ్లు!" అన్నాడు.

పెద్దమ్మ లేవలేదు. "అంపైర్ సైగ చేశాడనుకుని నువ్వే తెచ్చుకో నాయనా. వస్తూ వస్తూ నాకూ ఓ గ్లాసు పట్రా."