శనివారం నాటి గుడ్డు సాండ్‌విచ్

మా మామా పది రోజులు జపాన్ తిరిగి రెండు పెట్టెలతో ఇంటికొచ్చింది. కువైట్‌లో ఇంటి యజమానురాలిని పనివాళ్ళం మామా అనే పిలుస్తాం. ఒక పెట్టెలో బట్టలు. రెండోదాంట్లో మూతలున్న పొడవాటి ఇనుప డబ్బాలు. వాటిలో పిండిముద్ద పెట్టి కాలిస్తే బ్రెడ్డు ఇటుకలాగా నాలుగు పక్కలా సమంగా, లోపల దూదిలాగా మెత్తగా వస్తుంది. ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని నేను. జపాన్ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే నా వేలు ఏ సముద్రంలో పడుతుందో నాకే తెలియదు. అలాంటిది ఆ ఎండాకాలం అయ్యేసరికి ఆ దేశంవాళ్ళు రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఏమేం పెట్టుకుంటారో నాకు కంఠతా వచ్చేసింది.

ఉడికిన గుడ్లు చిదిమి మయోనైజ్‌లో కలిపి పెట్టేది ఒకటి. కోడి ముక్కను బ్రెడ్డు పొడిలో దొర్లించి వేయించి, సన్నగా తరిగిన క్యాబేజీ, నల్లటి పుల్లతీపి సాసుతో పెట్టేది ఇంకొకటి. దాన్ని అక్కడ పంది మాంసంతో చేస్తారట, ఇక్కడ ఆ మాట ఎత్తితే వంటింట్లోంచి నేరుగా విమానం ఎక్కిస్తారు. స్ట్రాబెర్రీలు, కివీలు గిలకొట్టిన క్రీములో పూడ్చిపెట్టి చేసేది పిల్లలకు ప్రాణం. ఇవి కాక పొడుగాటి బన్ను చీల్చి దాంట్లో వేయించిన నూడుల్స్ కుక్కేది కూడా ఉంది. మొదటిసారి అది చేసిన రోజు నేను, "చపాతీలో అన్నం చుట్టి పెట్టినట్టుంది కదక్కా. ఆ ఊర్లో కూరకు కరువొచ్చిందేమో" అన్నాను. అక్క నవ్వి నవ్వి గ్యాస్ పొయ్యి కట్టేసి పక్కన కూర్చుంది.

ఆమె నా సొంత అక్క కాదు. మాది రాయచోటి పక్క, ఆమెది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌లోని అర్దియా పేటలో ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా వంట ఆమెదే. నేను చేరి అప్పటికి మూడేళ్ళు. ఇంటి వెనక, ప్రహరీని ఆనుకుని ఒక బయటి వంటిల్లు ఉంటుంది. మా రాజ్యం అదే.

ఆ సాండ్‌విచ్‌ల్లో అసలు విద్య కోతలో ఉంది. లోపల నడిమధ్యన ఒక నిండు గుడ్డు పెట్టి, చుట్టూ చిదిమిన గుడ్డు పరిచి, ప్లాస్టిక్ కాగితంతో బిగించి చుట్టి, గుడ్డు ఎటు పడుకుని ఉందో గుర్తుగా పెన్నుతో గీత గీయాలి. ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక కత్తిని వేడినీళ్ళలో ముంచి తుడిచి, సరిగ్గా ఆ గీత మీద ఒక్క వేటు. వెంట్రుక వాసి తప్పినా పచ్చసొన పక్కకుపోయి మెల్లకన్ను అవుతుంది. అక్క కోస్తే రెండు సగాల్లోనూ పచ్చసొన నడిమధ్యన గుండ్రంగా తేలేది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పక్కపక్కన పెడితే రెండు కళ్ళు మనల్నే చూస్తున్నట్టుండేవి. అంచులు మాత్రం నాలుగు పక్కలా కోసి పారెయ్యాలి. పారేస్తామా? ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఉప్మా చేసుకునేవాళ్ళం. జపాన్ మెత్తదనం మామాకు, గట్టిదనం మాకు.

మామా ఆ డబ్బాల ఫోటోలు ఫోన్లో పెట్టడం మొదలుపెట్టాక ఆర్డర్లు వచ్చిపడ్డాయి. అక్కడే మా శనివారం గొడవ మొదలైంది.

అక్క శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది. నీచు నోట పెట్టదు, గుడ్డు కూడా. కానీ ఇక్కడ శుక్రవారంతో పాటు అదీ సెలవే, విందులన్నీ ఆ రోజే. "చెయ్యి మామాది, నోరు నాది. స్వామికి తెలుసులే మే" అనేది. గుడ్డు వలిచేది, చిదిమేది, కోసేది, రుచి మాత్రం చూడదు. కాబట్టి శనివారం రుచి చూసే పని నాది. మామాకు ఈ సంగతి తెలియదు. వండే మనిషి వండినదాన్ని నోట పెట్టకుండా ఉంటుందని ఆమె ఊహకు కూడా అందదు. మేమూ చెప్పలేదు.

ఆ జూన్ నెలలో అక్క కూతురికి తొమ్మిదో నెల. తొలి కానుపు. నాలుగేళ్ళుగా అక్క ఇంటికి పోలేదు. ఆ పిల్ల పెళ్ళి కూడా బయటి వంటింట్లో నిలబడి ఫోన్లోనే చూసింది. "కానుపుకన్నా పక్కన ఉండల్ల మే. అది సూది చూస్తేనే మూర్ఛపోయే రకం" అని రోజుకు పదిసార్లు అనేది. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. మామా ఒక మాట ఇచ్చింది: ఆ శనివారం తన చెల్లెలి ఇంట్లో పిల్లల పుట్టినరోజు విందు, అరవై డబ్బాలు, అది బాగా జరిగితే గురువారం అక్క విమానంలో ఉంటుంది.

ఆ వారం నాకు జలుబు పట్టుకుంది. చీదితే వినిపిస్తుందని గొంతులోనే మింగేదాన్ని. జలుబు చేసిందంటే మామా వంటింట్లోకి రానివ్వదు, మేడమీద గదిలో వారం రోజులు పెట్టి తలుపు వేస్తుంది. అరవై డబ్బాలు అక్క ఒక్కతే చెయ్యలేదు. చెయ్యకపోతే గురువారం లేదు. అందుకే అక్కకు కూడా తెలియకుండా దాచాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

శుక్రవారం సాయంత్రం నూట యాభై గుడ్లు ఉడికించి, అరవై నిండుగా పక్కన పెట్టి, మిగతావి చిదిమి కలిపాం. బయట ఎండ ఇంకా గోడల్లోంచి కొడుతూనే ఉంది. గిన్నె చల్లారకముందే మామా వచ్చి, "యల్లా, యల్లా, ఫ్రిజ్‌లో పెట్టండి" అని తొందరపెట్టింది. పెద్ద గిన్నె, గట్టి మూత, దాని చుట్టూ క్రీము డబ్బాలు. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడి నెల అయింది. మోకాలితో తోసి మూశాను. పొద్దున్నే నేనే ముందు వెళ్ళాను. తలుపు వేలెడంత తెరుచుకుని ఉంది. గిన్నె మీద చెయ్యి పెట్టాను. నా ఒళ్ళే కాలుతోంది, గిన్నె చల్లగా ఉందో లేదో నా చేతికి తెలియలేదు. తలుపు మూసి గమ్మున ఊరుకున్నాను.

అక్క స్నానం చేసి, నుదుట బొట్టుతో వచ్చింది.

"రుచి చూసినావా మే?"

చెంచాడు నోట్లో వేసుకున్న మాట నిజమే. తడి మట్టి తిన్నట్టుంది. ఉప్పు లేదు, పులుపు లేదు, వాసన లేదు. మూడు రోజులుగా నాకు అన్నీ అలాగే ఉన్నాయి.

"చూసినా. జపాన్ వాళ్ళు చూస్తే నిన్ను ఎత్తుకపోతారు."

"నిజంగా బాగుందా?"

"నీ స్వామి మీద ఒట్టు పెట్టల్నా ఏంది? అమృతం."

చుట్టినవన్నీ ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక అక్క కత్తి వేడినీళ్ళలో ముంచింది.

పదకొండు గంటలకు డ్రైవర్ వచ్చాడు. కోనసీమ మనిషి, మాట్లాడితే అండీ లేకుండా మాట్లాడడు. "వీటికైతే ఏసీ వేసి తీసుకెళ్ళమన్నారండీ మేడం గారు. నన్ను ఒక్కణ్ణే పంపినప్పుడు అద్దాలు దించుకోమంటారు" అంటూ డబ్బాలు సర్దాడు. మూత పడే ముందు చివరి డబ్బాలోని ఆ రెండు కళ్ళు నన్ను చూశాయి. ఎందుకో చూపు తిప్పుకున్నాను.

రెండు కావస్తుండగా అతను తిరిగొచ్చాడు. కాగితం చిరిగిందని పక్కన పెట్టిన సాండ్‌విచ్ ఒకటి బల్ల మీద ఉంది. ఆకలి మీదున్నాడేమో, అడక్కుండానే విప్పి నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"ఇదేంటండీ బాబూ, ఇలా కంపు కొడుతోంది? మీ సీమలో గుడ్లు ఇలాగే తింటారా?"

"నీ బండి కంపు నీకు అంటుకుంది. చెయ్యి కడుక్కో పో" అన్నాను. నవ్వించడానికే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అక్క అతని చేతిలోంచి తీసుకుంది. వాసన చూసింది, చల్లగా ఉన్నప్పుడు ముక్కుకు అందని కంపు అది. నా ముఖం వంక చూసింది. ఆ తర్వాత కొరికింది. శనివారం నాడు, నుదుట బొట్టుతో, గుడ్డు కొరికింది. రెండు నములు నమిలి సింకులో ఊసి, నోరు కడుక్కుని, కొళాయి కట్టకుండానే నిలబడింది.

"పోయింది" అంది.

విందు నాలుగింటికి. మామా భోజనం చేసి పడుకుంది. మూడున్నరకు అసర్ నమాజు పిలుపు వినిపించే దాకా ఆ గది తలుపు తట్టినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

"నువ్వు పోయి వెనక్కి తెచ్చేయ్" అన్నాను డ్రైవర్‌తో.

"నేనడిగితే ఎవరిస్తారండీ? మేడం గారు ఫోన్ చెయ్యాలి కదండీ."

"అక్కా, పిల్లోళ్ళు కేకు తిని వీటి జోలికి పోరేమో. కొంచెం వాసనే కదా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. "మామాకు చెప్తే నీ గురువారం పోతాది."

"నా బిడ్డ కడుపులో బిడ్డ ఉంది మే" అంది అక్క. అంతే. చేతి తొడుగులు ఊడదీసి బల్ల మీద పెట్టి మేడ ఎక్కింది.

నేను వెనకే వెళ్ళి మెట్ల సగంలో ఆగిపోయాను. తలుపు తట్టిన చప్పుడు. చాలాసేపటికి మామా గొంతు. అక్క వచ్చీరాని అరబ్బీలో, "గుడ్డు మూ జైన్, మామా. బాగలేదు. పిల్లలు తినకూడదు" అని రెండుసార్లు చెప్పింది. తర్వాత మామా అడిగింది: "పంపేముందు ఎవరు రుచి చూశారు?"

ఆ ఇంటి మెట్లు పద్నాలుగు. నేను ఏడో మెట్టు మీద ఉన్నాను.

"నేనే, మామా" అంది అక్క.

ఇంకో ఏడు మెట్లు ఎక్కితే చాలు. ఎక్కలేదు.

మామా ఫోన్ చేసింది. సాయంత్రానికి డబ్బాలు వెనక్కి వచ్చాయి. యాభై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాం, యాభై ఎనిమిదే. ఆ రెండూ ఎవరు తిన్నారో, తిని ఏమయ్యారో మాకు ఎవరూ చెప్పలేదు. మామా ఫోన్ మోగిన ప్రతిసారీ మేమిద్దరం చేతిలో పని ఆపి నిలబడేవాళ్ళం.

ఆమె అరుస్తుందనుకున్నాం. అరవలేదు. దానికే భయమేసింది. అక్క టికెట్ మాట అడిగితే "బాచర్" అంది, రేపు అని. మర్నాడు మళ్ళీ "బాచర్". గురువారం వచ్చి మామూలు గురువారంలాగే వెళ్ళిపోయింది. కొత్త రూలు మాత్రం ఒకటి వచ్చింది: డబ్బాలు కదిలే ముందు మామా స్టూలు వేసుకుని కూర్చుంటుంది, ఆమె కళ్ళ ముందు అక్క ఒక చెంచాడు తినాలి.

విందు అయిన రెండో రోజు, సోమవారానికే నా జలుబు వదిలింది. అన్నీ ఒక్కసారిగా వాసన కొట్టాయి. గుడ్లు, క్రీము, సింకు, ఆ ఫ్రిజ్ లోపలి గోడ.

మళ్ళీ శనివారం వచ్చింది. అక్క బొట్టు పెట్టుకుని వచ్చింది. మామా స్టూలు మీద కూర్చుంది. "నేను తింటా మామా" అని ముందుకు వెళ్ళాను. మామా నా వంక చూడను కూడా చూడలేదు. "నువ్వు కాదు. ఆమె."

అక్క కళ్ళు మూసుకుని చెంచా నోట్లో పెట్టుకుంది. మింగింది. "జైన్" అంది మామా, లేచి వెళ్ళింది.

గంట తర్వాత అరలో పెట్టిన అక్క ఫోన్ వణికింది. ఆమె రెండు చేతులకూ గుడ్డు అంటి ఉంది. నేనే తీసి ఆమె చెవికి పట్టుకున్నాను. అటువైపు ఆమె వియ్యపురాలు. మాటలన్నీ నాకూ వినిపిస్తున్నాయి.

"నీళ్ళాడింది వదినా. మగబిడ్డ."

"అది ఎట్లుంది?"

"రక్తం శానా పోయింది. ఇంగా లోపలే పెట్టినారు. మమ్మల్ని పోనీడం లేదు."

"నాకోసం అడిగిందా?"

అటువైపు ఏదో అన్నారు, లైను తెగింది.

ఆ పిల్ల బతికిందని నాలుగో రోజు తెలిసింది. మధ్యలోని ఆ నాలుగు రోజులూ అక్క రోజుకు నలభై డబ్బాలు కోసింది. ఒక్క గీత తప్పలేదు. గురువారం మాట మళ్ళీ ఎత్తలేదు. రెండో రోజో మూడో రోజో, అంచులు పోపులో వేస్తున్నదల్లా ఆగి నా వైపు తిరిగింది.

"ఏం మే, నోరు పడిపోయిందా నీకు? ఏమన్నా చెప్పు. రోంత నవ్వుకుంటా."

నా దగ్గర ఆమెకు చెప్పాల్సింది ఒక్కటే ఉంది. అది గొంతు దాకా వచ్చింది కూడా.

"ఈ నూడుల్స్ బన్ను చూసినావా అక్కా," అన్నాను. "చపాతీలో అన్నం చుట్టినట్టు లేదూ?"

పాత జోకే. అక్క నవ్వింది.