కరీమున్‌కు గొంతు నొప్పి వచ్చిన రోజు

వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే ఆడవాళ్లలో కరీమున్‌ది పేరున్న చెయ్యి. పన్నెండేళ్లుగా ఆమె చేతిలో పప్పు విరగడం అరుదు. అలాంటిది, ఆ ఎండాకాలం నుంచి ఆమె చేటలో గుండ్ల కంటే బద్దలే ఎక్కువ కనబడసాగాయి.

"ఏందే కరీమూ, పప్పు మీద పగబట్టావా?" అంది మేస్త్రి సుబ్బరావమ్మ.

"చెయ్యి ఆగట్లేదక్కా."

ఆగనిది చెయ్యొక్కటే కాదు. గుండె దడదడలాడేది. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలే. రెండు ముద్దలు ఎక్కువే తింటున్నా జాకెట్లు వదులైపోయాయి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. భర్త హయాత్ మోపెడ్ మీద ఊరూరా తిరిగి చీరలమ్ముతాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన చెప్పులు వంకరగా విడిచినా ఇంతెత్తున లేచేది, ఆనక ఎందుకరిచానా అని ఏడ్చేది. చూసినవాళ్లు అది పొగరన్నారు.

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చూపించుకుంటే రక్తం తొమ్మిది కూడా లేదన్నారు. ఐరన్ మాత్రలు నాలుగు నెలలు మింగింది. తోటకూర, ఖర్జూరం, మేక కార్జం, ఎవరేం చెబితే అది తిన్నది. రక్తం మాత్రం ఎక్కలేదు.

చివరికి హయాత్ ఒంగోలులో ఫెబా అనే పెద్ద వయసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ కరీమున్‌ని చేతులు చాచమని, వేళ్ల మీద ఒక కాగితం పెట్టింది. కాగితం గాలిలో ఆకులా వణికింది.

పరీక్షలు వచ్చాక చెప్పింది. "థైరాయిడ్ అమ్మా. గొంతులో ఉండే గ్రంథి అదుపు తప్పింది. ఒళ్లంతా పరుగు పెడుతోంది. ఆ పరుగులో ఎర్రకణాలు త్వరగా అరిగిపోతాయి, తిన్న ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. ముందు దీన్ని దారికి తేవాలి."

"అంటే నాది పొగరు కాదా డాక్టరుగారూ?"

ఆవిడ నవ్వలేదు. "కాదు" అంది.

మాత్రలు రాస్తూ వేలు చూపించి మరీ హెచ్చరించింది. "జ్వరంతో గొంతు నొప్పి వస్తే ఈ మాత్ర ఆపెయ్. అదే రోజు రక్త పరీక్ష చేయించు. ఏ కొద్దిమందికో ఈ మందు తెల్లకణాలను పడగొడుతుంది. అలా జరిగితే ప్రాణం మీదికొస్తుంది."

ఆరో వారం వచ్చేసరికి దడ తగ్గింది, కంటికి నిద్ర తెలిసింది. అప్పుడే, తుఫాను వాన పడుతున్న ఒక పొద్దున, లేచేసరికి ఉమ్మి మింగుడు పడలేదు. ఒళ్లు కాలిపోతోంది.

"ఊరంతా జలుబులే వదినా, కషాయం తాగి పడుకో" అంది ఆడపడుచు సిద్దికా.

కరీమున్ మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆపితే ఆ దడ మళ్లీ మొదలవుతుంది. ఆ రోజులు తలుచుకుంటేనే భయం. మంచం చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆఖరికి మాత్రను డబ్బాలో పడేసింది.

"చీరాల తీసుకుపోతావా, నన్ను నడిచి పొమ్మంటావా?" అంది హయాత్‌తో.

చీరాల ల్యాబులో జక్రయ్య రిపోర్టు చేతికిస్తూ, "తెల్లకణాలు నాలుగు వేలకు పైన ఉండాలమ్మా, తొమ్మిదొందలే ఉన్నాయి. ఇంటికి పోవద్దు" అన్నాడు. ఫోన్లో ఫెబా ఒక్కటే మాట చెప్పింది. "గుంటూరు. ఇప్పుడే."

గుంటూరులో ఏ జబ్బూ అంటుకోకుండా పది రోజులు గదిలో ఒంటరిగా ఉంచారు. హయాత్ అద్దం అవతలే. మాత్ర లేక గుండె మళ్లీ పరుగందుకుంది, మంచం మీద కాళ్లు నిలవవు. రోజూ పొద్దున్నే రక్తం తీసేవాళ్లు. తొమ్మిదొందలు ఏడొందలైంది. ఆ రోజు హయాత్ తల ఎత్తలేదు. ఆరో రోజు పదమూడొందలని తెలియగానే ఆ అంకెను వేలితో అద్దం మీద రాసి చూపించాడు. తిరగబడి కనబడ్డ ఆ అంకెను చదువుకుని కరీమున్ దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చింది.

ఆ మందు ఇక జన్మలో వద్దన్నారు. కొన్నాళ్లకు అయోడిన్ మందుతో గ్రంథిని అణిచేశారు. దాంతో థైరాయిడ్ తక్కువైంది. ఆ లోటుకు రోజూ పరగడుపున చిన్న మాత్ర వేసుకుంటోంది. రక్తం పదకొండున్నరకు ఎక్కింది. మళ్లీ పనిలోకి వెళ్తోంది.

కానీ ఇంట్లో ఎవరు తుమ్మినా ఫోను టార్చి వేసుకుని అద్దం ముందుకెళ్లి నోరు తెరుస్తుంది.

"ఆ మందే లేదుగా, ఇంకా భయమెందుకే?" అంటాడు హయాత్.

"తెలుసయ్యా," అంటూనే ఇంకొంచెం నోరు తెరిచి చూసుకుంటుంది.