సుజాత చెప్పిన లిమిట్స్ పాఠం

ఎవరైనా నన్ను "లెక్కల సారూ" అని పిలిస్తే లోపల బరువుగా ఉంటుంది. ఏళ్లుగా ఇంతే. ఇంట్లో చెప్పలేకపోయాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

పెళ్లయ్యాక నేనూ నా భార్య సుజాతా దూరవిద్యలో డిగ్రీకి చేరాం. మాది రాజోలి దగ్గర పల్లె, విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేను. లెక్కల పాఠాలు వీడియోల్లో ముందే పంపేవారు. అవి ఇంటి దగ్గర చూసి, ఆదివారం గద్వాల సెంటర్‌కు వెళ్లి సార్ ముందు లెక్కలు చేయాలి. అక్కడ మళ్లీ పాఠం చెప్పరు. చూడకుండా వెళ్తే ఏమీ అర్థం కాదు.

నేను చూసేవాణ్ని కాదు. సుజాత చూసేది, ఫోను చేని గట్టున పెట్టుకుని, పత్తి పూలకు పుప్పొడి అద్దుతూ. ఆదివారం బస్సులో నాకు చెప్పేది. లిమిట్స్ ఎంతకూ నా తలకెక్కకపోతే నవ్వింది.

"గట్టు దిక్కు పోతున్నవనుకో. ఇంక జర దగ్గరికి, ఇంక జర దగ్గరికి. గట్టు మీద కాలు మాత్రం పెట్టవు. గంతే."

ఆ రోజు సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. లెక్క చేసి, ఆ గట్టు మాటే చెప్పాను.

"భలే చెప్పినవయ్యా! వీడియోల గిది లేదు గద, ఎక్కడిది?" అన్నారు సార్.

"నేనే అనుకున్న సార్."

ఎందుకలా అన్నాను? అందరూ నా వైపే చూస్తుంటే బాగుంది. ఇంకో కారణం ఎంత వెతికినా దొరకలేదు. సార్ సుజాత వైపు తిరిగి, "నువ్వు గూడ మీ ఆయన తీరుగ వీడియోలు చూసి రామ్మా" అన్నారు. నేను ఏమైనా అంటానేమోనని ఆమె నా వైపు చూసింది. నేను సుద్దముక్క పెట్టేసి వచ్చి కూర్చున్నాను.

తిరుగు బస్సులో ఆమె కోప్పడలేదు. టిఫిన్ డబ్బా విప్పి సగం రొట్టె నా చేతిలో పెట్టి, "తిను. పొద్దటిసంది ఏం తినలే" అంది. మరుసటి ఆదివారం మాత్రం, "చేన్ల పనుంది, నువ్వు పో" అంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు, పరీక్షలూ రాయలేదు. అయినా వీడియోలు చూసి నాకు చెప్పడం మానలేదు. నన్ను అన్నిటికన్నా కోసేది అదే. ఒక్కసారైనా రమ్మని బతిమాలానా? లేదు. ఆమె వస్తే సార్‌కు నిజం చెప్పాల్సి వస్తుందేమోనని, రాకపోవడమే నయమనుకున్నాను.

డిగ్రీ నాకొచ్చింది. ఇప్పుడు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. సుజాత ఎందుకు చదవలేదని ఎవరైనా అడిగితే, పనుల వల్ల తనే మానేసిందని చెబుతూ వచ్చాను. పక్కనే ఉన్నా ఆమె కాదనదు.

క్షమిస్తుందో లేదో తెలియదు. ఇంకా అడగలేదు. ఆమె చదువు మాన్పించింది నేను. ఇన్నేళ్లకు ఈ మాట రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది.